ఎర్రచుక్కల వెంట నాలుగు రోజులు

ఆరేళ్లుగా నా ఉద్యోగం చెట్లకు రంగులు వెయ్యడం. హెలికాప్టర్ ఒకటి హైటెన్షన్ లైన్ మీదుగా ఎగురుతూ కిందికి లేజర్ కిరణాలు కొడుతుంది. తగిలి తిరిగొచ్చిన కిరణాలు కోట్ల చుక్కలై నా కంప్యూటర్లోకి వస్తాయి. అందులో నేల ఏది, తీగ ఏది, చెట్టు ఏది అని విడదీసి, తీగకు మరీ దగ్గరికొచ్చిన చెట్టుకు ఎరుపు, ఏడాదిలో వచ్చేలా ఉన్నదానికి పసుపు, మిగతావాటికి ఆకుపచ్చ పెట్టి పంపేస్తే మా పని అయిపోతుంది. ఎరుపు పెట్టినదాన్ని ఎవరో వెళ్లి కొట్టేస్తారు. కొట్టేది ఎవరో నాకు తెలియదు, అది ఏ చెట్టో అంతకంటే తెలియదు. డాలస్‌లో ఏసీ గదిలో కూర్చుని ఒహాయో, పెన్సిల్వేనియా అడవులు కొట్టించిన ఘనుణ్ని.

పోయిన సెప్టెంబర్ చివర్లో నాలుగు రోజులు సెలవు దొరికింది. క్లీవ్‌ల్యాండ్‌లో ఉండే మా బావకు ఫోన్ చేశాను. "ఫాల్ కలర్స్‌కి ఇంకా టైముందిరా, అక్టోబర్‌లో రా" అన్నాడు. "రంగుల కోసం కాదు బావా, కరెంటు తీగల కింద చెట్లు చూడాలి" అన్నాను. అవతలనుంచి కాసేపు మాట రాలేదు.

మొదటి రోజు: వాల్టన్ హిల్స్

క్లీవ్‌ల్యాండ్‌కు దక్షిణంగా ఉన్న చిన్న ఊరు వాల్టన్ హిల్స్. చూడ్డానికి ఏమీ ఉండదు. పెద్ద పెద్ద ఖాళీ స్థలాల్లో ఇళ్లు, మధ్యలో చెట్లు, వాటిని చీల్చుకుంటూ వెళ్లే ఇనుప టవర్లు. కానీ మా వృత్తిలో ఉన్నవాళ్లకు ఇదొక క్షేత్రం లాంటిది. 2003 ఆగస్టు 14న ఉత్తర అమెరికాలో సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయిందే, దానికి దారితీసిన మూడు చెట్ల తగాదాల్లో ఒకటి ఇక్కడే జరిగింది.

ఆ మధ్యాహ్నం 3:05కి ఈ ప్రాంతంలోనే 345 కిలోవోల్టుల లైన్ ఒకటి చెట్టును తాకి ట్రిప్పయింది. అది మోసే కరెంటు భారాన్ని మిగతా లైన్లు ఎత్తుకున్నాయి. 3:32కి హన్నా-జూనిపర్ లైన్ ఇక్కడ చెట్టుకు తగిలింది. 3:41కి మూడోది. నాలుగుంపావు కల్లా న్యూయార్క్ నుంచి డెట్రాయిట్ దాకా, అటు కెనడాలో ఆంటారియో దాకా చీకటి. కంట్రోల్ రూమ్‌లో అలారం సాఫ్ట్‌వేర్ అప్పటికే చాలాసేపటి క్రితం మూగబోయింది కాబట్టి, లైన్లు పడిపోతున్న సంగతి అక్కడివాళ్లకు సరిగ్గా తెలియనే లేదు.

ఇందులో నన్ను ఇప్పటికీ వదలని అంకె ఒకటుంది. మొదట పోయిన లైన్ ఆ సమయానికి మోస్తున్నది దాని సామర్థ్యంలో 44 శాతమే. సగం బరువు కూడా లేని తీగ చెట్టు మీద వాలింది. తీగ అంటే కదలకుండా ఉండేది అని మనం అనుకుంటాం. లోపల కరెంటు, పైన ఎండ కలిసి వేడెక్కిస్తే లోహం సాగుతుంది. గాలి ఆడకపోతే ఆ వేడి పోదు. తీగ నడుం అడుగుల కొద్దీ కిందికి జారుతుంది. చెట్టు పైకి పెరగడం అందరికీ కనిపిస్తుంది, తీగ దిగిరావడం ఎవరు చూస్తారు?

ఇక్కడ మాత్రం చూశారు. హన్నా-జూనిపర్ లైన్ తగిలినప్పుడు చెట్లు కొట్టే మనుషులు ఆ దగ్గర్లోనే పనిచేస్తున్నారు. తీగ చెట్టును తాకడం వాళ్ల కళ్లముందే జరిగిందని విచారణ నివేదికలో ఉంది. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు కడుపులో తిప్పినట్టవుతుంది.

"ఏదీ ఆ చెట్టు?" అన్నాడు బావ, రోడ్డు పక్కన కారాపి. ఇక్కడే అని చెప్పే బోర్డు ఏమీ లేదు. తీగల కింద మోకాలెత్తు గడ్డి, పసుపు రంగు గోల్డెన్‌రాడ్ పూలు, పక్కన దట్టంగా మేపుల్ చెట్లు. బావ ఆ రోజుల్లో కొత్తగా వచ్చాడట. "కరెంటు పోతే మనకేంట్రా, పుట్టినప్పటినుంచి అలవాటే కదా అనుకున్నాను. రాత్రికి కుళాయి కూడా ఆగిపోయింది. పంపులకు కరెంటు లేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఇంట్లో ఒక్క బకెట్ కూడా లేదని. తెల్లారగానే రెండు కొన్నాను, ఇప్పటికీ గరాజ్‌లో ఉన్నాయి."

అదే ఏడాది సెప్టెంబర్ 28 తెల్లవారుజామున స్విట్జర్లాండ్‌లో ఒక లైన్ చెట్టుకు తగిలి, ఆ వెనకే ఇటలీ దాదాపు మొత్తం చీకటైంది. నెలన్నరలో రెండు ఖండాల్లో ఒకే కథ. ఆ తరవాతే ఇక్కడ చట్టం మారింది. 2007 నుంచి 200 కిలోవోల్టులు, ఆపైన ఉన్న లైన్ల కింద చెట్లను అదుపులో ఉంచడం తప్పనిసరి, ఏడాదికోసారి తనిఖీ కూడా ఆ తరవాత తప్పనిసరైంది. తప్పితే రోజుకు 10 లక్షల డాలర్ల దాకా జరిమానా వెయ్యొచ్చని 2005లో వచ్చిన ఇంధన చట్టమే చెప్పింది. నా ఉద్యోగం ఆ జరిమానా భయంలోంచే పుట్టింది. కాబట్టి ఆ చెట్టుకు నేను రుణపడి ఉన్నాను.

ఫోటో కోసం అంచున ఉన్న ఒక మేపుల్ మానుకు ఆనుకుని నిలబడ్డాను. మాను చుట్టూ నూగు పట్టిన తాడులా ఒక తీగ పాకి ఉంది. పట్టుకోవడానికి బాగుందని దాన్నే పట్టుకున్నాను. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

రెండో రోజు: కారులోనే

వాల్టన్ హిల్స్ నుంచి పెన్సిల్వేనియాలో ఫిలిప్స్‌బర్గ్ దాకా, ఐ-80 హైవే మీద. క్లియర్‌ఫీల్డ్ కౌంటీలో ఒకచోట, మిసిసిపీ నదికి తూర్పున ఐ-80లో ఇదే ఎత్తైన చోటు అని బోర్డు ఉంటుంది, 2,250 అడుగులు. బావ అది చూసి "ఇంతేనా?" అన్నాడు.

దారంతా నేను ఒక్కటే చూశాను, చచ్చిన యాష్ చెట్లు. పచ్చటి అడవిలో బూడిదరంగు కొమ్మలు చేతులెత్తినట్టు నిలబడి ఉంటాయి. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు పని అది. అర అంగుళం ఉంటుంది, మెరిసే ఆకుపచ్చ రంగు, చూస్తే నగలో పొదుగుకోవాలనిపిస్తుంది. ఆసియా నుంచి సరుకుల చెక్కపెట్టెల్లో వచ్చిందని అంటారు. 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడింది, 2003లో ఒహాయోలో, 2007లో పెన్సిల్వేనియాలో. దాని పిల్లపురుగు బెరడు కింద వంకరటింకరగా సొరంగాలు తొలిచి చెట్టుకు నీళ్లూ తిండీ అందకుండా చేస్తుంది.

ఒక రెస్ట్ ఏరియాలో దిగి, అంచున ఉన్న మాను దగ్గరికెళ్లాను. బెరడు మీద చిన్న రంధ్రాలు. గుండ్రంగా కాదు, ఇంగ్లిషు డి అక్షరంలా ఒకవైపు చదును. బయటికొచ్చే పురుగు వీపు చదునుగా ఉంటుంది కాబట్టి రంధ్రం కూడా అలాగే. వేలిగోటితో బెరడు లాగితే అప్పడంలా ఊడొచ్చింది, కింద పురుగు రాసిన గొలుసుకట్టు రాత. పక్కనే "వంటచెరకు వేరే ఊరికి తీసుకెళ్లకండి" అని బోర్డు. పురుగు తనంతట తాను అంత దూరం ఎగరదు, క్యాంపింగ్‌కు వెళ్లేవాళ్ల డిక్కీల్లో కట్టెలతో పాటు వెళుతుంది.

చచ్చిన యాష్‌తో చిక్కేమిటంటే అది త్వరగా పెళుసెక్కుతుంది. ఎక్కి కొమ్మలు కొట్టే మనుషులు దాని మీద కాలు పెట్టడానికి ఒప్పుకోరు. పైగా చాలావాటికి కరెంటు వాళ్ల హక్కు ఉన్న పట్టీలో చోటే లేదు, పక్క భూమిలో నిలబడి ఉంటాయి. పడేది మాత్రం ఇటే. మా భాషలో కిందినుంచి పెరిగొచ్చేది గ్రో-ఇన్, పక్కనుంచి పడేది ఫాల్-ఇన్. 2003వి గ్రో-ఇన్‌లు, వాటికి చట్టం వచ్చింది. ఫాల్-ఇన్‌కు పక్కవాడి గుమ్మం ఎక్కి అడగాలి.

మూడో రోజు: స్టేట్ గేమ్ ల్యాండ్స్ 33

ఈ ప్రయాణం అసలు దీనికోసమే. ఫిలిప్స్‌బర్గ్ దగ్గర వేటగాళ్ల కోసం ప్రభుత్వం ఉంచిన అడవి ఇది. దాని మధ్యలోంచి ఒక హైటెన్షన్ లైన్ వెళుతుంది. ఆ లైన్ కింద 1953లో మొదలుపెట్టిన ప్రయోగం దశాబ్దాలు గడిచినా సాగుతూనే ఉంది.

మాకు దారి చూపించడానికి ఒప్పుకున్న పెద్దాయన కరెంటు లైన్ల ఫారెస్టర్‌గా రిటైరయ్యాడు. రాగానే మా కాళ్ల వైపు చూసి, "ప్యాంటు సాక్సుల్లోకి దోపండి" అన్నాడు. మన పశువులకు పట్టే పిడుదుల్లాంటి టిక్స్ ఇక్కడ మెండు, లైమ్ జబ్బు తెస్తాయి. బావ తెల్ల సాక్సుల్లోకి ఫార్మల్ ప్యాంటు దోపుకుని, నారింజరంగు వెస్ట్ తొడుక్కున్నాక, "ఈ ఫోటో మీ అక్కకు పంపావంటే చూడు" అని బెదిరించాడు.

చెట్ల నీడలోంచి ఒక్కసారిగా వెలుతుర్లోకి వచ్చాం. అడవికి పాపిడి తీసినట్టుంది. ఎడమా కుడీ ఓక్, మేపుల్ చెట్లు. మధ్యలో మెట్లు మెట్లుగా దిగే పచ్చదనం. సరిగ్గా తీగల కింద ఫెర్న్, ఎర్రబడుతున్న బ్లూబెర్రీ పొదలు, గడ్డి. అంచులకు వెళ్లేకొద్దీ నడుమెత్తు పొదలు, ఆపైన మనిషెత్తు పొట్టి చెట్లు, ఆ తరవాత అసలు అడవి. తీగల కింది భాగాన్ని వైర్ జోన్ అనీ, అంచులను బోర్డర్ జోన్ అనీ అంటారు. ఈ పద్ధతి ఇక్కడే, బ్రాంబుల్, బర్న్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తల పరిశోధనలోంచి వచ్చింది.

"ఇక్కడ చెట్లు ఎందుకు లేవు?" అని అడిగాడు పెద్దాయన.

"కొట్టేస్తున్నారు కాబట్టి" అన్నాను, ఆరేళ్ల అనుభవంతో.

ఆయన నవ్వలేదు. "రండి, కొట్టేసే చోటు చూపిస్తాను" అని ఇంకో ముక్కకు తీసుకెళ్లాడు. ఈ ప్రయోగంలో లైన్ కింది నేలను ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు ఒక్కో పద్ధతి వాడారు. ఒకచోట యంత్రంతో నరకడం, ఒకచోట మనుషులు చేత్తో కొట్టడం, మిగతాచోట్ల రకరకాలుగా కలుపుమందు వాడడం. చేత్తో కొట్టిన ముక్కలో లోపలికి నడవలేకపోయాం. ఎర్ర మేపుల్ మోడు ఒకటి పట్టుకుని చిగుళ్లు లెక్కపెట్టాను. ఒక్క మోడుకు పద్నాలుగు. తల తీస్తే పద్నాలుగు తలలు. వేళ్లలో దాచుకున్న బలమంతా ఉంటుంది కాబట్టి అవి విత్తనం మొక్క కంటే ఎన్నో రెట్లు వేగంగా లేస్తాయి.

నా గుండె గుభేలుమంది. నేను ఎరుపు పెట్టిన చెట్లలో ఎన్ని ఇలా పద్నాలుగై నాకే మళ్లీ ఎర్రచుక్కలుగా తిరిగొచ్చాయో! మా లెక్కల్లో అవి "కొత్త చెట్లు".

మళ్లీ ఫెర్న్ ముక్కకు వచ్చాం. పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని ఫెర్న్ ఆకులు పక్కకు తొలగించాడు. కింద చీకటిగా, చల్లగా, తేమగా ఉంది. వెతగ్గా వెతగ్గా బెత్తెడు ఓక్ మొక్క ఒకటి కనిపించింది, రెండే ఆకులు, పాలిపోయి. "వెలుతురు అందదు. గింజ పడితే ఎలుకలు తింటాయి. తప్పించుకుని లేస్తే కుందేళ్లు, జింకలు కొరుకుతాయి. చెట్లను ఆపుతున్నది మేం కాదు, ఈ పొదలు" అన్నాడు. మనుషులు చెయ్యాల్సింది వీటిని దాటుకుని లేచిన ఏ ఒక్కటో ఉంటే దాన్ని మాత్రమే ఏరివెయ్యడం. అన్నిటినీ కలిపి నరికితే పొదలూ పోతాయి, వెలుతురు పడుతుంది, మేపుల్ పండగ చేసుకుంటుంది.

ఏరివెయ్యడానికి మందు కావాలి. ఇది నాకు మింగుడుపడని భాగం. వీపున డబ్బా వేసుకుని మూతికి తువ్వాలు చుట్టుకున్న మనుషులను చూస్తూ పెరిగినవాణ్ని, ఆ వాసన అంటేనే పడదు. పెద్దాయనకు ఆ మాటే చెప్పాను. "మీ అనుమానంతోనే ఇది మొదలైంది" అన్నాడు. 1950లలో ఇక్కడ 2,4-డి, 2,4,5-టి కలిపి కొట్టారు. వేటగాళ్లు జంతువులకేమవుతుందో అని గొడవపెట్టారు. ఆ గొడవకు జవాబుగానే ప్రయోగం పెట్టారు. ఆ రెండు మందుల మిశ్రమమే తరవాత వియత్నాం యుద్ధంలో అమెరికా అడవుల మీద చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అయింది. 2,4,5-టిని 1979లో ఇలాంటి లైన్ల కింద వాడకుండా ఆపేశారు.

ఇప్పుడు ఎలా వాడతారో పాత మోడు ఒకదాని మీద పుల్లతో గీసి చూపించాడు. కోసిన మోడు పైన మొత్తం మందు పోస్తే దండగ. నడిమధ్య చేవ అంతా చచ్చిన కట్టె. ప్రాణం ఉన్నది బెరడుకు ఆనుకుని, చేతిగాజు మందాన ఉండే అంచులోనే. ఆ అంచు చుట్టూ కుంచెతో రాస్తే చాలు, అదీ కోసిన వెంటనే. ఎక్కడ రాశారో ఎక్కడ మరిచారో తెలియడానికి మందులో నీలం రంగు కలుపుతారు. చెయ్యి తిరిగిన మనిషి రాసిన మోడు మీద సన్నటి నీలం ఉంగరం ఒకటే కనిపిస్తుందట. ఎకరానికి పట్టే మందు ఆకుల మీద పిచికారీ చేసేదానిలో ఎన్నో వంతో అని అడగలేదు, ఉంగరం చూస్తేనే అర్థమైంది. ఇష్టం మాత్రం కలగలేదు. కానీ పద్నాలుగు తలల మోడు పక్కనే నిలబడి వాదించే ధైర్యమూ లేకపోయింది.

గోల్డెన్‌రాడ్ పూల మీద తేనెటీగలు ముసురుతున్నాయి. టౌహీ అనే పిట్ట ఒకటి పొదలో కోడిలా రెండు కాళ్లతో ఆకులు గీకుతోంది. ఇలాంటి పొదల నేల అమెరికా తూర్పున తగ్గిపోతున్నందువల్ల, ఆ జాతి పిట్టలకు కరెంటు తీగల కింది పట్టీలే ఆధారమవుతున్నాయని పెద్దాయన చెప్పాడు. ఇంకొంచెం ముందుకెళ్తే లోయ. అక్కడ తీగలు ఎక్కడో పైన, కింద నిలువెత్తు చెట్లు హాయిగా ఉన్నాయి. వాటిని ముట్టుకోరు. ఈ ఒక్క సంగతి మాత్రం నా సాఫ్ట్‌వేర్‌కు ముందే తెలుసు, కాస్త ఊరట.

సాయంత్రం మోటెల్‌కు వచ్చేసరికి కుడి అరచెయ్యి, మణికట్టు దురద. రాత్రికి గీత గీసినట్టు వరసగా బొబ్బలు. పెద్దాయనకు ఫోటో పంపితే రెండే మాటల్లో జవాబిచ్చాడు: "పాయిజన్ ఐవీ." వాల్టన్ హిల్స్‌లో నేను పట్టుకున్న ఆ నూగుతాడు! మూడేసి ఆకుల మొక్క అని అందరూ చెబుతారు, ఆకు కంటే ముందు తాడును చూడాలని ఎవరూ చెప్పరు. దాని జిగురు మన నల్లజీడి జాతిదే. జీడి పొంగు చూసినవాళ్లకు వేరే వర్ణన అక్కర్లేదు. లైన్ల కింద పనిచేసేవాళ్లకు ఇది రోజువారీ వ్యవహారం, దాన్ని కాలిస్తే పొగ ఊపిరితిత్తుల్లోకే వెళుతుంది కాబట్టి పొరపాటున కూడా కాల్చరు.

నాలుగో రోజు: ఆల్టూనా

కుడిచేతికి గుడ్డ చుట్టుకుని హార్స్‌షూ కర్వ్‌కు వెళ్లాను. కొండను ఎక్కడానికి రైలుమార్గాన్ని గుర్రపు లాడంలా వంచి 1854లో తెరిచారు. 194 మెట్లు ఎక్కితే పట్టాల పక్కకే చేరతాం. బావ మెట్లు చూసి కేబుల్ బండి ఎక్కాడు.

గూడ్సు రైలు ఒకటి ముక్కుతూ మూలుగుతూ పైకి వస్తుంటే నేను కంకర చూస్తున్నాను. మూడు లైన్ల కింద కంకరలో గడ్డిపోచ లేదు. కరెంటు లైన్ కింద పచ్చగా ఉండాలి, పట్టాల కింద బోడిగా ఉండాలి. కంకర పనే నీళ్లు వదిలెయ్యడం. దాంట్లో గడ్డి మొలిస్తే మట్టి చేరుతుంది, మట్టి చేరితే తేమ నిలుస్తుంది, స్లీపర్లు కుళ్లుతాయి, పట్టాలు కుంగుతాయి. అందుకని పట్టాల మీద నడిచే లారీలతో మందు చల్లుకుంటూ పోతారు. ఇక్కడ ఫెర్న్‌కు చోటు లేదు.

కొండ దిగి ఊళ్లోకి వచ్చాక పట్టాల కంచె వెంట అసలు శత్రువు కనిపించింది, ట్రీ ఆఫ్ హెవెన్. పేరుకు స్వర్గవృక్షం. మన పెద్దమానుకు దాయాది. 1784లో అందం కోసం ఫిలడెల్ఫియాకు తెచ్చి నాటారు. ఆకు నలిపితే మక్కిన వేరుశెనగపప్పు వాసన. కొట్టేస్తే మేపుల్ పద్నాలుగే వేస్తుంది, ఇది వేళ్ల వెంట చుట్టుపక్కలంతా లేస్తుంది. అందుకే ముందు మందు, అదీ వేసవి చివర్లో ఆహారం వేళ్లకు దిగే సమయంలో, ఆ తరవాతే గొడ్డలి.

దాని మాను మీద బూడిదరంగు రెక్కలు, నల్లచుక్కలతో అంగుళం పురుగులు బారులు తీరి కూర్చున్నాయి. ఒకటి ఎగిరితే లోపలి రెక్క ఎర్రగా మెరిసింది. స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై. మన వరిలో సుడిదోమకు దూరపు చుట్టం, అలాగే రసం పీలుస్తుంది. 2014లో ఈ రాష్ట్రంలోనే బెర్క్స్ కౌంటీలో బయటపడింది. దానికి అన్నిటికంటే ఇష్టమైన చెట్టు ఇదే, ఈ చెట్టుకు అన్నిటికంటే ఇష్టమైన చోటు పట్టాల పక్క, రోడ్డు పక్క. గుడ్లు పెట్టడానికి చెట్టే కావాలని లేదు, రాయి, పెట్టె, రైలు పెట్టె, కారు ఏదైనా సరే. కాబట్టి ఒకే దారి పురుగుకు ఇల్లూ అయింది, బండీ అయింది.

ఒహాయో బయలుదేరే ముందు కారు చూసుకోవడం మంచిదని ఇక్కడందరికీ తెలుసు. నాకు చెయ్యి లేదు కాబట్టి బావే ఫోన్ టార్చి పట్టుకుని బంపర్ కిందికి వంగాడు. బురద ఎండినట్టు ఉంటుంది గుడ్లముద్ద. ఒకటి గీకితే నిజంగా బురదే. ఇంకోటీ బురదే. వెనక చక్రం పైన రేకు మడతలో మూడోది గీకగానే పొర లేచి, కింద వరసలు వరసలుగా గింజల్లా గుడ్లు. ఒక ముద్దలో ముప్పై నుంచి యాభై దాకా ఉంటాయట. బావ పాత షాపింగ్ కార్డుతో చివరి గింజదాకా గీకి, జిప్ కవర్లో వేసి, శానిటైజర్ పిండి, గాలి తీసి మూసేశాడు. "మీ అక్కకు ఈ ఫోటో పంపు" అన్నాడు.

సోమవారం ఆఫీసులో ఎడమచేత్తో టైపు చేస్తూ మేనేజర్‌కు మెయిల్ పెట్టాను. ఎర్రచుక్క పక్కన ఇంకో గడి కావాలి, అది ఏ చెట్టో రాయడానికి, కిందటిసారి అక్కడ ఏం చేశారో రాయడానికి అని. వచ్చే ఏడాది బడ్జెట్‌లో చూద్దామని సాయంత్రానికి జవాబొచ్చింది. ఈలోగా ఆ సమాచారం నేనే ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను.